నిర్దోషి మీద ఆర్డరు

"నిర్దోషి" అన్న మాట చెవిన పడగానే గోర్డన్ హెస్లప్ లేచి నిలబడి కోటు గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. భార్య ఐలీన్‌ని వెంటబెట్టుకుని, మధ్యాహ్నం బస్సు పట్టుకుని, ఇంటికి కూడా పోకుండా తిన్నగా తోటలో దిగాలని అతని ఆలోచన. మూడో గుండీ దగ్గరుండగా జడ్జిగారు కళ్ళజోడు పైనుంచి చూసింది.

"కూర్చోండి, మిస్టర్ హెస్లప్. ఇంకా అయిపోలేదు."

నిర్దోషితో కోర్టుకి ఇంకేం పని ఉంటుందో గోర్డన్‌కి బోధపడలేదు. డరమ్ జిల్లా రోడ్ల మీద బస్సు తోలి రిటైరైన మనిషి. టిక్కెట్టు సరిగ్గా ఉన్నవాణ్ణి దిగనివ్వకుండా ఆపడం అతనెన్నడూ ఎరగడు. అయినా కూర్చున్నాడు.

జడ్జిగారిది మెత్తటి గొంతు. "క్లిఫర్డ్ టేట్ గారి పాలీహౌస్‌లో పోయిన సెప్టెంబరులో రెండు ఉల్లిగడ్డల్ని కత్తితో కోసింది మీరేనని రుజువు కాలేదు. అందుకని మిమ్మల్ని వదిలేస్తున్నాను. కానీ ఆ తర్వాత మీరు ఆయన గేటు దగ్గరికి మూడుసార్లు వెళ్ళి, వీధంతా వినేలా అరిచారు. ఆ సంగతి మీరే ఒప్పుకున్నారు."

"అరిచాను. నేను కొయ్యలేదని ఒప్పుకోమని అరిచాను" అన్నాడు గోర్డన్.

"ఆయన భయపడ్డారు. అలాంటిది మళ్ళీ జరక్కుండా చూడటం నా బాధ్యత."

ఆ బాధ్యత కొద్దీ ఆవిడ ఒక ఆర్డరు వేసింది. రెండేళ్ళపాటు గోర్డన్ క్లిఫ్ టేట్‌తో మాట్లాడకూడదు, తను గానీ ఇంకొకరి చేత గానీ. అతని వీధిలోకి పోకూడదు. ఇద్దరికీ మడులున్న ఊరి తోటలో అడుగు పెట్టకూడదు. తప్పితే జైలు.

బయట వరండాలో లాయరు మిస్ ఆష్‌వర్త్ ఫైళ్ళు చంకన పెట్టుకుని గబగబా మాట్లాడింది. ఆ పిల్లకి అవతల ఇంకో కేసుంది. "గెలిచాం కదండీ. మీ మీద మచ్చ లేదు."

"మచ్చ లేకపోతే ఈ ఆర్డరేమిటమ్మా?"

"ఇది శిక్ష కాదు. ముందుజాగ్రత్త. నేరం రుజువు కాకపోయినా వెయ్యొచ్చు. చట్టంలో ఉంది."

"వాడి మీద కూడా వేశారా? వాడు నాతో మాట్లాడకూడదని?"

"లేదు. ఆయన మాట్లాడొచ్చు. మీరు బదులు చెప్పకూడదు. అప్పీలుకి మూడు వారాల గడువుంది, ఆలోచించుకోండి. కానీ విచారణకి రావడానికి నెలలు పడుతుంది."

"శనివారం ప్రదర్శన" అన్నాడు గోర్డన్.

మిస్ ఆష్‌వర్త్‌ది పెద్ద ఊరు. ఏ ప్రదర్శన అని అడగబోయి, అతని మొహం చూసి మానేసింది.

ముద్దాయిగా ఉన్నన్నాళ్ళూ గోర్డన్‌కి పూటన్నా ఉండేది. బెయిలు షరతు ప్రకారం పొద్దున అతనూ, మధ్యాహ్నం నుంచి క్లిఫ్, వంతులు వేసుకుని తోటలో పని చేసుకున్నారు. కోర్టు నిర్దోషి అని తేల్చాక ఆ పూట కూడా పోయింది.

మా వైపు బొగ్గు గనులు మూతపడ్డాక మగాళ్ళకి రెండే మిగిలాయి, ఫుట్‌బాలు ఒకటి, ఉల్లిగడ్డలు ఒకటి. ఫుట్‌బాల్లో ఎలాగూ ఓడిపోతూనే ఉంటాం. ఉల్లిగడ్డ అంటే కూరలో వేసుకునేది కాదు. క్రిస్మస్ రోజుల్లో దీపం కింద విత్తనం వేసి, చంటిపిల్లని సాకినట్టు సాకి, సెప్టెంబరు ప్రదర్శన నాటికి పిల్ల తలకాయకి రెండింతలు చేసేది. అలాంటి గడ్డని పొరుగువాడు కోశాడన్న మాట పుడితే ఆ పొరుగువాడి పక్కన క్లబ్బులో ఎవడూ కూర్చోడు. గోర్డన్ పక్క కుర్చీ ఏడాదిగా ఖాళీగా ఉంది. బీరు పోసే అమ్మాయి కూడా గ్లాసు ముందుకి తోసి తల తిప్పుకునేది.

అందుకే అతనికి కోర్టు మాట చాల్లేదు. క్లిఫ్ టేట్ నోటితోనే, క్లబ్బులో, నలుగురి ముందూ "గోర్డన్ కొయ్యలేదు" అనిపించుకోవాలి. ఏడాదిగా ఆ ఒక్కటే అతని కోరిక. పోనీ అది కాకపోతే, వాడి గడ్డ పక్కనే తన గడ్డని బల్ల మీద పెట్టి, తలెత్తుకుని నిలబడాలి. సోమవారం సాయంత్రానికి ఆ రెండో దారి కూడా మూసుకుపోయేలా ఉంది.

మంగళవారం పొద్దున ఐలీన్ కర్బూజా కొనుక్కొచ్చి వంటగది బల్ల మీద పెట్టింది.

"ఊఁ, గడ్డకి నూనె ఎలా రాయాలో దీని మీద చూపించు. ఇక తోటకి వెళ్ళాల్సింది నేనేగా" అంది.

ఐలీన్‌కి ఉల్లిగడ్డలంటే మంట. పెళ్ళయిన దగ్గర్నుంచీ ప్రతి వేసవిలోనూ వాటికి సవతిలా బతికింది. అయినా అవి చచ్చిపోతుంటే చూడటం ఆమె వల్ల కాలేదు.

గోర్డన్ చిన్నపిల్లలకి రాసే నూనె సీసా తీసి, అరచేతిలో బొట్టు వేసుకుని, కర్బూజా మీద రాశాడు. "కింద నుంచి పైకి. బొటనవేలుతో నొక్కకు. తొక్క మెత్తగా ఉండాలి, బిగిస్తే పగులుద్ది. ఆకుల మొదట్లో నీళ్ళు నిలిస్తే గుడ్డతో అద్దు. తుడవకు, అద్దు."

"నా పిల్లలకి కూడా ఇంత శ్రద్ధగా రాయలేదు నువ్వు."

"వాళ్ళని ప్రదర్శనకి పెట్టలేదుగా."

"పెట్టినా కప్పొచ్చేది కాదులే, నీ పోలికలే." ఆమె కర్బూజాని తన వైపు తిప్పుకుని రాయడం మొదలుపెట్టింది. గోర్డన్ ఆమె బొటనవేలినే చూస్తూ కూర్చున్నాడు. రెండుసార్లు "నొక్కకు" అన్నాడు. మూడోసారి అనబోతే ఆమె సీసా బల్ల మీద ఠపీమని పెట్టింది. తర్వాత అతను నోరు మూసుకున్నాడు.

తోటలోకి వెళ్ళాక ఆమె ఫోన్లో వీడియో పెట్టింది. ఇంట్లో కూర్చున్న గోర్డన్‌కి చిన్న తెరలో తన పాలీహౌస్, వెదురు కర్రలకి దారాలతో నిలబెట్టిన ఆకులు, మధ్యలో పచ్చగా నిగనిగలాడుతున్న గడ్డ. ఒక రోజులో ఎంత పెరుగుతుందో అంతా పెరిగింది. గోర్డన్ ఫోనుని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఎడం పక్క ఆకు వంగింది. దారం కాస్త వదులు చెయ్యి. అంత కాదు."

"ఒంటిచేత్తో చేస్తున్నా, ఉండు."

ఇంతలో ఫోన్లోంచి ఇంకో గొంతు వినబడింది. పక్క మడి లోంచి, పొడిగా, ముక్కుతో మాట్లాడే క్లిఫ్ గొంతు. "ఐలీన్, అందులో ఉన్నది వాడేనా?"

గోర్డన్ ఫోను బోర్లించి, దాని మీద అరచెయ్యి అదిమిపెట్టాడు. ఆ తర్వాత కట్ చెయ్యొచ్చని గుర్తొచ్చి కట్ చేశాడు. ఉల్లి ఆకు గురించి పెళ్ళాంతో మాట్లాడితే జైల్లో వేస్తారా అన్నది మిస్ ఆష్‌వర్త్‌ని అడగాలనుకున్నాడు, కానీ ఆమె నవ్వుతుందేమోనని అడగలేదు.

ఐలీన్ మధ్యాహ్నం ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటూ చెప్పింది. "నా చెల్లెలని చెప్పాను."

"నమ్మాడా?"

"నా చెల్లెలికి బొంగురు గొంతు లేదని వాడికేం తెలుసు." ఆమె బూట్లు పక్కన పెట్టి, "నీళ్ళకి వెళ్తే వాడి మడి వైపు కంపు కొడుతోంది గోర్డన్. ఆ పీపాలో ఏం కలుపుతాడో గానీ కళ్ళు మండిపోయాయి. డబ్బాలకి డబ్బాలు పోస్తున్నాడు" అంది.

"వాడి మందు. ఏముంటుందో ఎవరికీ చెప్పడు. పన్నెండేళ్ళ నుంచి కప్పు వాడిదే." గోర్డన్ గొంతులో కోపం ఉన్నా దాని అడుగున గౌరవం కూడా ఉంది. అది దాచుకోవడం అతనికి చేతకాలేదు.

బుధ, గురువారాల్లో ఉక్క పోసింది. ఐలీన్ రోజుకి రెండుసార్లు వెళ్ళొచ్చింది. వీడియో మానేసి, ఫొటోలు తీసుకొచ్చి భోజనం బల్ల దగ్గర ఒక్కొక్కటే చూపించేది. గురువారం గడ్డ చుట్టుకొలత తనంతట తనే టేపు పెట్టి కొలిచి, చెప్పేటప్పుడు గొంతు తగ్గించింది. అంత పెద్ద గడ్డ గోర్డన్ జన్మలో పెంచలేదు. అతను లేచి వెళ్ళి పెరట్లో కాసేపు ఒక్కడే నిలబడి వచ్చాడు.

శుక్రవారం పొద్దున క్లబ్బు కార్యదర్శి డెరిక్ వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే పట్టా మీదే నిలబడిపోయాడు.

"రూలు నీకు తెలుసుగా గోర్డన్. ఎవడి గడ్డ వాడే పెరకాలి, ఇద్దరు కమిటీ మెంబర్ల ముందు."

"తెలుసు. ఆ రూలు పెట్టినప్పుడు చెయ్యెత్తింది నేనే."

"మరి నువ్వు రాలేవు." డెరిక్ టోపీని గుండ్రంగా తిప్పాడు. "ఓ మాట చెప్తా విను. మడి ఐలీన్ పేరు మీదికి రాసేయ్. ఇప్పుడే, ఇక్కడే. గడ్డ ఆవిడదవుద్ది. ఆవిడే పెరుకుద్ది. కమిటీలో నేను చూసుకుంటా."

ఐలీన్ చేతిలో టీ కెటిల్‌తో ఆగిపోయింది. గోర్డన్ తల అడ్డంగా ఊపాడు.

"డిసెంబరు నుంచి పెంచింది నేను. ఇప్పుడు పేరు మార్చానంటే ఊళ్ళో ఏమనుకుంటారు?"

"ఏమీ అనుకోరు."

"అనుకుంటారు. వాడే కోశాడు కాబట్టి మొహం చెల్లక పెళ్ళాం కొంగు చాటున దాక్కున్నాడంటారు. నువ్వూ అంటావు డెరిక్."

డెరిక్ కాదనలేదు. టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

పదకొండింటికి గోర్డన్ కోటు వేసుకుని బయల్దేరాడు. ఐలీన్ ఏమీ అడక్కుండా వెనకాలే నడిచింది. తోటకి పోయే మట్టిదారి మొదట్లో ఒక చెక్క గేటు ఉంది. అక్కడి నుంచి చూస్తే తన పాలీహౌస్ కప్పు కనబడుతుంది. నాలుగంగల్లో లోపలికి పోవచ్చు. లోపల ఇద్దరు కమిటీ వాళ్ళు బెంచీ మీద కూర్చుని సిగరెట్లు కాలుస్తున్నారు. ఒకడు గోర్డన్‌ని చూసి పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు.

గోర్డన్ గేటు మీద చెయ్యి వేశాడు. ఐలీన్ ఆ చేతినే చూస్తోంది. లోపలికి అడుగేస్తే గడ్డ పెరుకుతాడు, బల్ల మీద పెడతాడు, కప్పు కూడా గెలుస్తాడేమో. ఆ తర్వాత పోలీసులు వస్తారు. అప్పుడు ఏ కోర్టూ తడుముకోనక్కర్లేదు. నేరం చేశాడా అంటే చేశాడు. ఏడాదిగా తనని ఏమనుకుంటున్నారో ఆ మనిషిగా తన కాళ్ళతో తనే నడిచి వెళ్ళినట్టవుతుంది.

"నువ్వే పెరుకు" అన్నాడు చివరికి. "బల్ల మీదికి కాదు. ఇంటికి తీసుకురా. వేళ్ళు తెగకుండా, చుట్టూ మట్టి వదులు చేసి, రెండు చేతులూ అడుగున పెట్టి."

అతను గేటు బయట ఉన్న దిమ్మ మీద కూర్చుని ఎదురుచూశాడు. అరగంటకి ఐలీన్ తోపుడుబండిలో మనవడి దుప్పటి కప్పిన గడ్డని నెట్టుకుంటూ వచ్చింది. బాత్రూం త్రాసు మీద పెడితే ముల్లు ఏడున్నర కిలోలు దాటింది. ఇద్దరూ ఆ ముల్లునే చూస్తూ చల్లటి గచ్చు మీద కూర్చుండిపోయారు.

"క్లిఫ్ కూడా పెట్టట్లేదట" అంది ఐలీన్. "నడుం పట్టేసిందన్నాడు. పాలీహౌస్ తలుపు మూసేసి, కమిటీ వాళ్ళని లోపలికే రానివ్వలేదు."

"వాడా? వాణ్ణి పాడె మీద తీసుకెళ్తున్నా దారిలో దిగి గడ్డ బల్ల మీద పెట్టి పోతాడు."

శనివారం వాళ్ళిద్దరూ గడప దాటలేదు. కప్పు ఎవరో కుర్రాడికి వచ్చిందని ఐలీన్‌కి రొట్టెల కొట్టులో తెలిసింది, ఆదివారం పొద్దున.

ఆదివారం మధ్యాహ్నం గోర్డన్ పెరట్లో బోర్లించిన బకెట్ మీద కూర్చుని, గడ్డని ఒళ్ళో పెట్టుకుని, ఎండిన పై పొరలు ఒలుస్తున్నాడు. ఐలీన్ పాన్ హ్యాగర్టీ చేస్తానంది. బంగాళాదుంప చెక్కలూ, ఉల్లి చెక్కలూ, జున్నూ ఒకదాని మీద ఒకటి పేర్చి వేయించే వంటకం. అందులో సగం గడ్డ పడుతుంది, మిగతా సగం ఇరుగుపొరుగు ఎవరికైనా. తీసుకునేవాళ్ళుంటే.

వెనక సందులో అడుగుల చప్పుడై, గేటు పైన క్లిఫ్ టేట్ తల కనబడింది. గడ్డం గీసుకోలేదు. చంకలో గోనెసంచీ.

"లోపలికి రానులే" అన్నాడు క్లిఫ్, ఎవరూ పిలవకపోయినా.

గోర్డన్ చేతులు ఆగాయి. తల ఎత్తలేదు. వంటగది గుమ్మంలోంచి ఐలీన్ తడి చేతులతో బయటికి వచ్చింది.

క్లిఫ్ సంచీలోంచి ఒక ఉల్లిగడ్డని తీసి గేటు పైన, రెండు చేతుల మధ్య పట్టుకున్నాడు. పెద్దదే. మెడ దగ్గర్నుంచి వేళ్ళ దాకా దాని ఒంటి మీద ఒక పగులు, బద్ద పెట్టి గీసినట్టు తిన్నగా. లోపలి తెల్లటి కండ కనబడుతోంది.

"శుక్రవారం పొద్దున. మందు పోస్తున్నాను. టప్పుమంది. నా చేతిలో డబ్బా తప్ప ఏమీ లేదు, నేను తప్ప మనిషి లేడు." అతను గడ్డని ఇంకొంచెం ముందుకి చాపాడు. "పోయినేడు కూడా ఇదే గీత గోర్డన్. అచ్చం ఇదే. నా గడ్డ పగులుద్దని నేనెన్నడూ అనుకోలేదు. నాది పగలదు. అందరివీ పగుల్తాయి గానీ నాది పగలదనుకున్నా. అంతకు ముందే మనిద్దరం నీళ్ళ కుళాయి దగ్గర మాటా మాటా అనుకున్నాం, నువ్వే గుర్తొచ్చావు."

గోర్డన్ పొర అంచుని గోటితో పట్టుకుని మెల్లగా లాగాడు. ఎక్కడా తెగకుండా వచ్చింది.

"మందు ఎక్కువైంది. గొర్రె పెంటికలు, పొగగొట్టం మసి, పులిసిన బీరు. మూడు పాళ్ళు, ఒక పాలు, ఒక పాలు. ఆఖరి వారం రెట్టింపు పోస్తాను. మా నాన్న నాకు చెప్పాడు, నేను నా కొడుక్కి కూడా చెప్పలేదు." క్లిఫ్ పగిలిన గడ్డని తిరిగి సంచీలో వేశాడు. "నువ్వు కొయ్యలేదురా. అదే చెబుదామని వచ్చా."

ఆ మాట పెరట్లో పడింది. గోర్డన్ ఏడాదిగా రాత్రుళ్ళు ఆ మాటనే వాడి గొంతుతో ఊహించుకున్నాడు. అది వినగానే తను ఏమంటాడో కూడా కూర్చుకుని పెట్టుకున్నాడు. ఇప్పుడు అదంతా నాలుక చివరే ఉంది.

ఐలీన్ మాట్లాడింది. "ఈ మాట నిన్న క్లబ్బులో చెప్పావా క్లిఫ్?"

"క్లబ్బులో ఎలా చెప్పను? ఊరు సగం నా విత్తనమే వేసింది. పగలని విత్తనమని."

"కోర్టులో?"

"బైబిలు పట్టుకుని కత్తి కోత అని చెప్పాను ఐలీన్. ఇప్పుడు కాదంటే నన్ను ఎక్కడ పెడతారు?" అతను గేటు మీదికి వంగాడు. "గోర్డన్, ఏదో ఒకటి అను. తిట్టు, పడతాను. మాట్లాడావని నేనెవరికీ చెప్పను, నా తల్లి తోడు."

గోర్డన్ ఆఖరి పొర ఒలిచాడు. కింద గడ్డ తెల్లగా, తడిగా మెరిసింది. లేచి, దాన్ని రెండు చేతులతో అడుగున పట్టుకుని, గేటు వైపు చూడకుండా లోపలికి వెళ్ళాడు.

"వెళ్ళు క్లిఫ్" అంది ఐలీన్. "భోజనాల వేళయింది."

లోపల గోర్డన్ పెద్ద కత్తి తీసి గడ్డని తనే రెండుగా కోశాడు.

"ఎవరున్నారు వినడానికి? ఒక్క మాట అనాల్సింది" అంది ఐలీన్, జున్ను తురుముతూ.

"నన్ను దొంగని చేసింది ఊరంతటి ముందు. దొంగని కాదని చెప్పింది సందులో." అతను చెక్కలు కొయ్యసాగాడు, మందంగా, వంకరటింకరగా. "వాడికి గుండె బరువు దిగాలి. అది నా మీదికి దించి పోదామని వచ్చాడు. నేను దించుకోను."

ఆ రోజు పాన్ హ్యాగర్టీ చాలా రుచిగా కుదిరింది. ఇద్దరూ రెండోసారి కూడా వడ్డించుకున్నారు.

సోమవారం పొద్దున మిస్ ఆష్‌వర్త్ ఫోన్ చేసింది. గొంతు హుషారుగా ఉంది.

"మీకో మంచి వార్త, మిస్టర్ హెస్లప్. టేట్ గారు పొద్దున్నే మా ఆఫీసుకి ఫోన్ చేశారు. ఆర్డరు ఎత్తేస్తే తనకేమీ అభ్యంతరం లేదట. రాసి కూడా ఇస్తారట. మనం కాగితం పెడితే కోర్టు తేలిగ్గా ఒప్పుకుంటుంది. మీ తోట మీకొచ్చేస్తుంది."

"ఎందుకు ఎత్తెయ్యమంటున్నాడో చెప్పాడా?"

"కారణం ఏమీ చెప్పలేదు. పాత స్నేహితులం, సర్దుకుపోతాం అన్నారు."

"నేను కొయ్యలేదని రాసిస్తాడా?"

అవతల కాసేపు కాగితాల చప్పుడు. "అదేమీ అన్లేదండీ. ఇప్పుడదంతా ఎందుకు? మీకు కావలసింది తోటేగా."

గోర్డన్ కిటికీలోంచి చూశాడు. వెనక సందులో గేటు పైన క్లిఫ్ టేట్ తల మళ్ళీ కనబడుతోంది. ఈసారి టోపీ తీసి చేత్తో పట్టుకుని ఉన్నాడు. ఐలీన్ కూడా చూసింది. చూసి, గోర్డన్ ఏమంటాడోనని గిన్నె తుడవడం ఆపింది.

"వద్దమ్మా" అన్నాడు గోర్డన్. "అలాగే ఉండనివ్వండి. అది ఉన్నన్నాళ్ళూ నేను వాడికి బదులు చెప్పనక్కర్లేదు."

"కానీ మిస్టర్ హెస్లప్, ఇంకా రెండేళ్ళు మీరు—"

"రెండేళ్ళేగా. దాన్ని ఇంకా పొడిగించుకోవడానికి ఏమైనా వీలుంటుందా?"